గుండెలోని గడియారం



మా పెద్దమ్మ కోడలికి ఇరవై తొమ్మిదో ఏట గుండెకు ఆపరేషను చేసి, చెడిపోయిన కవాటాన్ని తీసివేసి, దాని స్థానంలో లోహపు కవాటం అమర్చారు. వాళ్లది హోసూరుకు దగ్గరలో ఒక పల్లె. తాతముత్తాతల నాటినుంచీ అక్కడే ఉన్న తెలుగువాళ్లు. ఆపరేషను అయి ఇంటికి వచ్చిన కొత్తలో, ఒక రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక, పక్కలో పడుకున్న నాలుగేళ్ల పిల్లవాడు లేచి కూర్చుని, "అమ్మా, నీ లోపల గడియారం ఉండాదా?" అని అడిగాడట. ఆమె నవ్వి, "ఉండాదిరా, నువ్వు పండుకో" అన్నదట.

లోహపు కవాటం ఉన్నవారి పక్కన నిశ్శబ్దంగా కూర్చుంటే ఆ టిక్కు టిక్కు చప్పుడు మనకూ వినబడుతుంది. కవాటం మూసుకున్నప్పుడల్లా వచ్చే శబ్దం అది. రెండేళ్ల తరువాత ఒకనాడు ఆమె గుండెలో ఆ చప్పుడు మందగించింది. ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు ఆ గడియారాన్ని మనుషులు ఎలా తయారుచేశారో, చేయబోయి ఎక్కడెక్కడ దెబ్బతిన్నారో చెప్పాలి. అది తెలిస్తేగాని, రోజూ సాయంత్రం మింగే ఒక చిన్న మాత్రకు అంత ప్రాధాన్యం ఎందుకో బోధపడదు.

మన గుండెలో నాలుగు కవాటాలున్నాయి. రక్తం ముందుకు పోనిచ్చి వెనక్కు రానివ్వకపోవడమే వాటి పని. నిమిషానికి డెబ్బై సార్లు చొప్పున లెక్కవేస్తే రోజుకు లక్ష సార్లు, ఏడాదికి 3 కోట్ల 68 లక్షల సార్లు అవి తెరుచుకుని మూసుకుంటాయి. మన దేశంలో చిన్నవయసువారికి ఈ కవాటాలు చెడిపోవడానికి ముఖ్యకారణం రుమాటిక్ జ్వరం. ఐదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు గొంతునొప్పి వస్తుంది, తగ్గిపోతుంది. రెండు మూడు వారాల తరువాత జ్వరం, కీళ్లవాపులు వస్తాయి. అవీ తగ్గిపోతాయి. కానీ ఆ గొంతునొప్పి తెచ్చిన స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి మీద తిరగబడిన శరీరం, పొరపాటున తన గుండె కవాటాలనే గాయపరుస్తుంది. పదేళ్లకో పదిహేనేళ్లకో, బిందె ఎత్తుకుని వస్తుంటే ఆయాసం మొదలవుతుంది. ఇరుకు ఇళ్లలో, ఎక్కువమంది ఒకచోట పడుకునే ఇళ్లలో ఈ జబ్బు ఎక్కువ. తొలిసారి జ్వరం వచ్చినప్పుడే గుర్తించి మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఏళ్ల తరబడి వేయిస్తే మళ్లీ మళ్లీ రాకుండా ఆపవచ్చు. ఆ అవకాశం దాటిపోయి కవాటం బాగా పాడయినవారికి చాలాసార్లు దానిని మార్చవలసి వస్తుంది.

పంది కవాటంతోగాని, ఆవు గుండెపొరతోగాని తయారుచేసినవి కూడా ఉన్నాయి. వాటికి జీవితాంతం మందు అక్కరలేదు. కానీ చిన్నవయసువారిలో అవి త్వరగా సున్నం పట్టి బిరుసెక్కిపోతాయి. అందుకే పడుచువాళ్లకు సాధారణంగా లోహపు కవాటం పెడతారు.

గుండెలో ఉండవలసిన చోటే కృత్రిమ కవాటం పెట్టి రోగిని బతికించడం 1960లో సాధ్యమైంది. అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అనే శస్త్రవైద్యుడు, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు కలిసి చేసిన కవాటం చూడటానికి చిన్న పంజరంలో గోలీ పెట్టినట్టు ఉండేది. రక్తం తోసినప్పుడు గోలీ ముందుకు జరుగుతుంది, వెనక్కు వచ్చినప్పుడు రంధ్రానికి అడ్డుపడుతుంది. గోలీని సిలికోన్ రబ్బరుతో చేశారు. రబ్బరు కదా, రక్తంలో ఏమవుతుందిలే అనుకున్నారు. తీరా చూస్తే కొందరు రోగులలో ఆ గోలీ రక్తంలోని కొవ్వును పీల్చుకుని, పసుపురంగుకు తిరిగి, ఉబ్బి, పగుళ్లు వేసింది. పంజరంలో ఇరుక్కుపోయినవీ ఉన్నాయి. రబ్బరును పక్వం చేసే పద్ధతి మార్చాక ఆ బెడద తగ్గింది. ఆ తరువాత ఆ నమూనా కవాటం పెట్టించుకుని ముప్ఫై నలభై ఏళ్లు బతికినవాళ్లు ఉన్నారు. బయట బల్లమీద ఎంత గట్టిగా కనబడిన వస్తువైనా రక్తంలో పడితే దాని గుణం వేరు అన్నది శాస్త్రజ్ఞులకు అప్పుడు దొరికిన మొదటి పాఠం.

గోలీ కవాటం చాలా చోటు ఆక్రమిస్తుంది. రక్తం దాని చుట్టూ తిరిగి పోవాలి. అందుకని 1969లో స్వీడన్ దేశపు శస్త్రవైద్యుడు వైకింగ్ బ్యోర్క్, అమెరికా ఇంజనీరు డొనాల్డ్ షైలీ కలిసి గోలీకి బదులు బిళ్ల పెట్టారు. లోహపు ఉంగరం, దానికి అటూఇటూ రెండు కమ్మీలు, వాటి మధ్య ఓరగా ఒరిగే పలుచని బిళ్ల. ఇది బాగా పనిచేసింది. అయితే బిళ్ల పక్కన రక్తం మెల్లగా కదిలే మూలల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. దానిని తగ్గించాలని బిళ్ల ఆకారాన్ని మార్చి, ఒకవైపు ఉబ్బెత్తుగా, మరొకవైపు పుటాకారంగా చేసి 1979లో కొత్త నమూనాను విడుదల చేశారు.

మంచి ఉద్దేశంతోనే చేశారు. కానీ ఆ నమూనాలో ఒక కమ్మీ మాత్రం ఉంగరంతో పాటు ఒకే ముక్కగా ఉండేది. రెండవ కమ్మీని విడిగా చేసి వెల్డింగుతో అతికారు. ఆ అతుకు దగ్గర అలసట మొదలైంది. లోహానికి అలసట ఏమిటంటారా? ఇనుప తీగను చేత్తో ఇటూ అటూ పదిసార్లు వంచండి, పదకొండోసారి విరుగుతుంది. ప్రతి వంపూ చిన్నదే. కోట్ల వంపులు కలిస్తే విరుపు. కమ్మీకి ఉండే రెండు కాళ్లలో మొదట ఒకటి విరుగుతుంది. రోగికి ఏమీ తెలియదు. కొన్ని నెలలకు రెండోది విరుగుతుంది. అప్పుడు బిళ్ల ఊడి రక్తప్రవాహంలో కొట్టుకుపోతుంది. తలుపు ఊడిన గుండె కొన్ని నిమిషాలలోనో గంటలలోనో కుప్పకూలుతుంది.

1986లో ఆ నమూనాను మార్కెట్టునుంచి తీసివేశారు. అప్పటికి ప్రపంచమంతటా దాదాపు 86,000 మందికి దానిని అమర్చారు. వారిలో ఆరు వందలమందికి పైగా కమ్మీ విరిగింది. విరిగినవారిలో సుమారు మూడింట రెండువంతులమంది చనిపోయారు. నూటికి ఒక్కరికి కూడా పూర్తిగా రాని ఉపద్రవం ఇది. కానీ తతిమ్మా 85 వేలమంది సంగతి ఆలోచించండి. గుండెలో చప్పుడు చేస్తున్న ఆ వస్తువు రేపు విరుగుతుందా, ఎన్నటికీ విరగదా? తీసివేయించుకుందామంటే రెండోసారి గుండె ఆపరేషను. దాని ప్రమాదం దానికి ఉంది. నెదర్లాండ్స్ దేశంలో ఈ కవాటం ఉన్న 2,303 మందిని వరుసగా పరిశీలించి 1992లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 42 విరుపులు కనబడ్డాయి. పెద్ద కొలత కవాటాలలో, బిళ్ల మరీ ఎక్కువగా తెరుచుకునే రకంలో ప్రమాదం ఎక్కువ అని తేలింది. అంటే ఎవరి గుండెలో ఏ రకం, ఏ కొలత కవాటం ఉందో తెలిస్తేగాని సలహా చెప్పడం కుదరదు. ఆపరేషను తరువాత ఆసుపత్రివారు ఇచ్చే చిన్న కార్డు విలువ అప్పుడు తెలిసివచ్చింది. ఆ కార్డును పెట్టె అడుగున పడేసిన వాళ్లను నేను చాలామందిని చూశాను, అందుకే ఈ మాట నొక్కి చెబుతున్నాను.

ఇక మన దేశానికి వద్దాం. 1970లలో కవాటమంటే దిగుమతి సరుకు. డాక్టరు ఉన్నా, ఆసుపత్రి ఉన్నా, కవాటం కొనలేక ఆగిపోయిన ఆపరేషన్లు ఎన్నో. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ డైరెక్టరు, శస్త్రవైద్యుడు డాక్టర్ ఎం. ఎస్. వలియత్తాన్ ఆ కవాటాన్ని ఇక్కడే చేయాలని పూనుకున్నారు. తిరువాన్కూరు రాజవంశంవారు ఇచ్చిన సాటెల్‌మండ్ అనే పాత ప్యాలెసు పూజప్పురలో ఉంది. అదే పరిశోధనశాల అయింది. ఇంజనీరు జి. ఎస్. భువనేశ్వర్, ఆయన సహచరులు కూర్చుని గీయడం మొదలుపెట్టారు.

మొదటి నమూనా విరిగింది. ఎక్కడ విరిగిందనుకున్నారు? వెల్డింగు చేసిన కమ్మీ దగ్గర. షైలీవారి కవాటానికి వచ్చిన జబ్బే. తేడా ఒక్కటే: ఇది విరిగింది పరీక్షాయంత్రంలో. ఆ యంత్రం గుండెకంటే ఎన్నోరెట్లు వేగంగా కవాటాన్ని తెరిచి మూస్తుంది. పదేళ్ల అలసటను నెలలలో చూపిస్తుంది. రెండో నమూనాలో వెల్డింగు మానేసి టైటానియం ముద్దనుంచి ఉంగరాన్ని, కమ్మీలను ఒకే ముక్కగా చెక్కారు. బిళ్లకు కృత్రిమ నీలమణి వాడారు. నీలమణి గట్టిది, టైటానియం దానిముందు మెత్తనిది. బిళ్ల తగిలి తగిలి కమ్మీలు అరిగిపోయాయి. మూడో నమూనాలో టైటానియం బదులు కోబాల్టు, క్రోమియం కలిసిన గట్టి మిశ్రలోహం పెట్టారు. అరుగుదల ఆగింది. గొర్రెలలో అమర్చి చూశారు. అంతా బాగుందనుకుంటుండగా, కొన్ని నెలలకు ఒక గొర్రెలో నీలమణి బిళ్ల పగిలింది.

ఒక్క గొర్రె. మిగతావి బాగానే ఉన్నాయి కదా అని ముందుకు పోయి ఉండవచ్చు. వాళ్లు పోలేదు. నీలమణిని వదిలేశారు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించే ఘట్టం ఇదే.

నాలుగో నమూనాలో బిళ్లకు వాడింది ప్లాస్టిక్. బజారు సంచీలకు వాడే పాలిథీన్‌కు బంధువే అయినా, అణువులు చాలా పొడుగైన, అరుగుదలకు లొంగని రకం. తుంటికీలు మార్పిడిలో గిన్నెగా వాడేదీ ఇదే. కవాటంలో ఇది బిళ్లగా ఉండి, తెరుచుకుంటూ మూసుకుంటూ తన చుట్టూ తాను కూడా మెల్లగా తిరుగుతుంది. అందువల్ల ఒకేచోట అరగదు. 35 కోట్ల సార్లకు పైగా, అంటే సుమారు పదేళ్ల గుండెచప్పుళ్లంత, యంత్రంలో తిప్పి చూశారు. గొర్రెలలో చూశారు. 1990 డిసెంబరు 6న మొదటిసారి మనిషికి అమర్చారు. ఆ తరువాత ఆరు ఆసుపత్రులలో 306 మందికి పెట్టి ఏళ్ల తరబడి గమనించారు. కవాటం విరగడంగాని బిళ్ల పగలడంగాని జరగలేదు. టి.టి.కె. సంస్థవారు తయారుచేసే ఈ చిత్ర కవాటం ఇప్పటికి లక్షకు పైగా గుండెలలో చేరింది. వలియత్తాన్ గారు 2024 జులైలో కన్నుమూశారు.

ప్లాస్టిక్ బిళ్ల కావడంవల్ల చిత్ర కవాటం చప్పుడు తక్కువ. అది లాభం. దానికి ఒక చిన్న నష్టమూ ఉంది. కార్బన్ బిళ్లలు ఎక్సురే తెరమీద కదులుతూ కనబడతాయి. ప్లాస్టిక్ కనబడదు. అందుకని ఈ కవాటం సరిగా తెరుచుకుంటున్నదో లేదో చూడాలంటే ఎకో పరీక్షమీద ఆధారపడాలి. ఏ పదార్థమూ అన్నీ ఇవ్వదు.

ఈ విధంగా విరగని కవాటం చేయడం సాధ్యమైంది. గడ్డకట్టనిది మాత్రం ఇంతవరకూ ఎవరూ చేయలేదు. రక్తానికి తన ఇంటి గోడ ఏదో, పరాయి గోడ ఏదో తెలుసు. లోహం, కార్బన్, ప్లాస్టిక్, దేనిని తాకినా గాయమేమోనని గడ్డకట్టబోతుంది. ఆ గడ్డ ముక్క ఊడి మెదడుకు పోతే పక్షవాతం. ఊడకుండా కవాటం దగ్గరే పెరిగితే బిళ్ల ఇరుక్కుపోతుంది. ఇదే కవాటం దగ్గర రక్తం గడ్డకట్టే ఉపద్రవం. మందు సరిగా వాడేవారిలో ఏడాదికి నూటికి ఒకరు అటూఇటూ దీని పాలవుతారు. మందు మానేసినవారిలో లెక్క మారిపోతుంది.

ఆ మందు వార్ఫారిన్. మన ఊళ్లలో ఎసినోకుమరాల్ కూడా ఎక్కువగా రాస్తారు, రెండూ ఒక కుటుంబమే. వీటి పుట్టుక విచిత్రమైనది. 1920లలో కెనడాలోనూ అమెరికా ఉత్తరభాగంలోనూ బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి తిన్న పశువులు రక్తం ఆగక చచ్చిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం 1939లో ఆ గడ్డిలోని విషాన్ని విడదీసింది. దానినుంచి వచ్చిన వార్ఫారిన్‌ను 1948లో మొదట ఎలుకలమందుగా అమ్మారు. తరువాత అదే, కొలిచి ఇస్తే, మనుషులకు ప్రాణం నిలిపే మందయింది. కొలత అన్నదే ఇక్కడ కీలకం. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం.

ఆ కొలతకే ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష. పూర్వం ఒక్కొక్క ప్రయోగశాల లెక్క ఒక్కొక్క రకంగా ఉండేది. 1983లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని ఒకే ప్రమాణానికి తెచ్చింది. కాబట్టి హోసూరులో చేయించినా, షోలాపూరులో చేయించినా, బరంపురంలోనో యానాంలోనో చేయించినా అంకె అర్థం ఒక్కటే. మందు లేనివారికి అది ఒకటి చుట్టూ ఉంటుంది. ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం మార్చినవారికి మామూలుగా రెండున్నర, మూడున్నర మధ్య ఉండాలంటారు. మీకెంత ఉండాలో మీ డాక్టరు చెబుతారు, ఆ అంకె కంఠస్థం చేయండి.

కొత్తగా వచ్చిన, పరీక్షలు అక్కరలేని మాత్రలు వేసుకోకూడదా అని చాలామంది అడుగుతున్నారు. లోహపు కవాటం ఉన్నవారు వేసుకోకూడదు. డాబిగట్రాన్ అనే అటువంటి మందును ఈ రోగులలో పరీక్షించబోగా గడ్డలూ ఎక్కువయ్యాయి, రక్తస్రావమూ ఎక్కువయింది. పరీక్షను మధ్యలో ఆపివేసి 2013లో ఫలితాలు ప్రకటించారు. అపిక్సబాన్‌తో చేసిన మరొక పరీక్షనూ 2022లో అలాగే ఆపవలసి వచ్చింది. మందుల షాపులో "అది లేదు, ఇది దానికంటే మంచిది" అని వేరే మాత్ర ఇస్తే తీసుకోకండి.

ఇప్పుడు మా వాళ్ల సంగతి. ఆమె తెలుగు బడిలో చదివింది. ఆసుపత్రిలో ఇచ్చిన పుస్తకం సగం ఇంగ్లీషులో, సగం అరవంలో ఉంది. ఆమెకు అరవం మాట్లాడటం వచ్చుగాని చదవడం అంతగా రాదు. మాత్ర ఎంతకాలం వేసుకోవాలో ఎవరూ తెలుగులో కూర్చోబెట్టి చెప్పలేదు. ఒక పెళ్లికి పుట్టింటికి వెళ్లినప్పుడు మాత్రలు అయిపోయాయి. ఒంట్లో బాగానే ఉంది, పది పన్నెండు రోజులు గడిచాయి. ఇంటికి వచ్చాక ఒక రాత్రి ఆమె భర్త, "ఏమే, రెండు దినాలాయె, నీ సద్దు వినబళ్లేదే?" అన్నాడు. "నాకేం తెలుసును, పనిలో ఉండాను" అన్నది ఆమె. తెల్లవారేసరికి పడుకుంటే ఊపిరి ఆడటం లేదు, దిండ్లు ఆనించుకుని కూర్చుంది. బెంగుళూరుకు తీసుకుపోయారు. ఎకోలో చూస్తే బిళ్ల సగమే కదులుతోంది.

ఇటువంటప్పుడు రెండు దారులు. ఒకటి మళ్లీ ఆపరేషను. రెండోది గడ్డను కరిగించే మందు నరంలోకి ఎక్కించడం. మన దేశంలో ఎక్కువగా స్ట్రెప్టోకైనేజ్ వాడుతూ వచ్చారు. దానిని త్వరగా ఎక్కిస్తే మేలా, మెల్లగా ఎక్కిస్తే మేలా అని ఢిల్లీ ఎయిమ్స్‌లో 120 మంది మీద పరిశీలించి 2009లో ప్రకటించారు. త్వరపడటంవల్ల చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. పైగా పూర్తిగా కోలుకున్నవారు అంతవరకూ అనుకున్నదానికంటే తక్కువేనని తేలింది. ఆ తరువాత తుర్కియే దేశపు వైద్యులు వేరొక మందును చాలా తక్కువ మోతాదులో, ఆరు గంటలపాటు, తరువాత ఇరవై ఐదు గంటలపాటు మెల్లగా ఎక్కించి, అవసరమైతే మళ్లీ ఇచ్చి, పదిమందిలో తొమ్మిదిమందికి గడ్డ కరిగిందని చూపారు. రక్తస్రావమూ తక్కువ. ఎవరికి మందు, ఎవరికి కత్తి అన్నది గడ్డ పరిమాణాన్నిబట్టి, రోగి స్థితినిబట్టి డాక్టర్లు తేల్చవలసిందే. మా ఆమెకు మందుతోనే కరిగింది. మూడోనాడు చప్పుడు మళ్లీ వినబడింది.

ఇంటి దగ్గర గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. తోటకూర, పాలకూర, మునగాకు వంటి ఆకుకూరలలో ఈ మందుకు ఎదురుతిరిగే కె విటమిను ఉంది. అంతమాత్రాన ఆకుకూరలు మానేయకూడదు, ఏ వారానికావారం ఇంచుమించు ఒకే పాళ్లలో తినాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ మందు పనిని బాగా తగ్గిస్తుంది. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ పెంచుతుంది. కాబట్టి ఏ కొత్త మందు మొదలుపెట్టినా, నాటుమందైనా సరే, కవాటం సంగతి చెప్పి రక్తపరీక్ష ముందుగా చేయించాలి. నొప్పిమాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. పన్ను పీకించుకోవాలన్నా ముందు గుండె డాక్టరును అడగాలి. ఒకరోజు మాత్ర మరిచిపోతే మరునాడు రెండు వేసుకోకూడదు. గర్భం విషయం మరీ సున్నితమైనది. మొదటి మూడు నెలల్లో ఈ మందు శిశువుకు చెరుపు చేయవచ్చు, మానేస్తే తల్లికి గడ్డకట్టవచ్చు. అందుచేత బిడ్డ కావాలనుకోక ముందే డాక్టరు దగ్గరకు వెళ్లాలి, నెల తప్పాక తమంతట తాము మాత్ర మానేయడం ప్రాణాంతకం.

చప్పుడు మందగించినా, కొత్తగా ఆయాసం వచ్చినా, కాలుచెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా, నల్లటి విరేచనం అయినా తెల్లవారేదాకా ఆగకుండా ఎకో పరీక్ష ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. చప్పుడు బాగానే ఉంది కదా అని మిగతా గుర్తులను తోసిపుచ్చకండి, చిత్ర కవాటం ఉన్నవారికి మామూలుగానే అది సరిగా వినబడదు. కార్డు వెంట తీసుకువెళ్లండి.

మా పెద్దమ్మ ఇప్పుడు వంటింటి గోడమీది తెలుగు క్యాలెండరులో రోజూ రాత్రి కోడలు మాత్ర వేసుకోగానే ఆ తేదీమీద గీత పెడుతుంది. రక్తపరీక్ష రోజున ఆ అంకె రాసి చుట్టూ సున్నా చుడుతుంది. కార్డులో ఉన్నదంతా ఆసుపత్రిలో ఒక నర్సమ్మచేత చదివించుకుని, నేను తెలుగులో రాసి, దాని పక్కన అంటించాను: కవాటం పేరు, కొలత, పెట్టిన తేదీ, మాత్ర పేరు, ఉండవలసిన అంకె, డాక్టరు ఫోను నంబరు. పిల్లవాడు ఇప్పుడు ఆరో తరగతి. రాత్రి పడుకోబోయే ముందు అమ్మ దగ్గర ఒక్క నిమిషం చెవి పెట్టి విని మరీ వెళతాడట.